అమ్మాయి హాకీ: అమెరికా కాలేజీయా, కెనడా యూనివర్సిటీయా?

టొరంటో చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో కూతురికి మంచు హాకీ నేర్పించే వాళ్లు ఇప్పుడు కొద్దిమందైనా ఉన్నారు. ఆ అమ్మాయి పదో తరగతికి వచ్చేసరికి అన్ని ఇళ్లలోనూ ఒకటే వాదన మొదలవుతుంది. ప్రొఫెషనల్‌గా ఆడతానంటోంది, అమెరికా ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ క్రీడల సంస్థ) కాలేజీకి పంపాలా, ఇక్కడే యూ స్పోర్ట్స్ (కెనడా యూనివర్సిటీ క్రీడల సంస్థ) జట్టున్న యూనివర్సిటీలో చేర్చాలా? ఈ ప్రశ్నకు విడివిడిగా జవాబు చెప్పే ఓపిక నాకు అయిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఈ మధ్యే మా ఇంట్లోనూ ఈ నిర్ణయం జరిగింది. మా అమ్మాయి కెనడాలోనే చేరింది. నా మొగ్గు ఎటో తెలిసే చదవండి. ట్రైఔట్లు, కోచ్‌లు మాట్లాడటం మొదలుపెట్టే జూన్ 15 తేదీ వంటివి మీకు తెలిసే ఉంటాయి, వాటి జోలికి పోను.

ముందు దారి చివర ఏముందో చూద్దాం. ఉత్తర అమెరికా మహిళల ప్రొఫెషనల్ హాకీ లీగ్ పీడబ్ల్యూహెచ్ఎల్ 2024 జనవరి 1న ఆరు జట్లతో మొదలైంది. 2025-26 సీజన్‌కు సియాటిల్, వాంకూవర్ చేరి ఎనిమిదయ్యాయి. ఆ సీజన్‌లో జట్టుకు 23 మంది చొప్పున 184 ఉద్యోగాలు. రిజర్వు ఆటగాళ్లు అదనం. 2025 డ్రాఫ్ట్‌లో (లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియ) ఎంపికైన వాళ్లు 48 మంది. మొదటి సీజన్‌లో కనీస జీతం 35,000 అమెరికన్ డాలర్లు, జట్టు సగటు 55,000, జట్టుకు కనీసం ఆరుగురికి 80,000 లేదా అంతకు పైన. ఏటా 3 శాతం పెరుగుదల, ఆరోగ్య బీమా, ఇంటి అద్దెకు నెలకు 1,500 డాలర్లు ఉన్నాయి. ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఈ ఒప్పందం 2031 జూలై 31 దాకా అమల్లో ఉంటుంది.

ఆ తేదీ దగ్గర కాస్త ఆగండి. 2026లో యూనివర్సిటీలో చేరే అమ్మాయి 2030లోనో 2031లోనో బయటికి వస్తుంది. అంటే ఆమె ప్రొఫెషనల్ జీవితం దాదాపు అంతా ఇంకా ఎవరూ రాయని ఒప్పందం కిందే గడుస్తుంది. వెనక చరిత్ర చూస్తే నిశ్చింతగా ఉండటం కష్టం. అంతకుముందున్న మహిళల లీగ్ సీడబ్ల్యూహెచ్ఎల్ 2007 నుంచి నడిచి 2019లో మూతపడింది. 2015లో జీతాలిస్తూ మొదలైన మరో లీగ్ ఎన్‌డబ్ల్యూహెచ్ఎల్ రెండో సీజన్ మధ్యలోనే ఆ జీతాలు కోసింది. అదే లీగ్ పీహెచ్ఎఫ్‌గా పేరు మార్చుకున్నాక, 2023 జూన్ చివర్లో అమ్ముడుపోయిన రోజున ఆటగాళ్ల కాంట్రాక్టులన్నీ చెల్లకుండా పోయాయి. ఇప్పటి లీగ్‌కు కోటీశ్వరుడు మార్క్ వాల్టర్ డబ్బు, టెన్నిస్ దిగ్గజం బిల్లీ జీన్ కింగ్ అండ ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో మాంట్రియల్ బెల్ సెంటర్‌లో టొరంటోతో ఆటకు 21,105 మంది వచ్చారు. ఇది నిలబడుతుందనే నా నమ్మకం. అయినా డిగ్రీని పక్కన పెట్టి ఆలోచించే స్థితి ఇంకా రాలేదు.

ఇక అసలు పోలిక. చాలామంది పేరు, స్కాలర్‌షిప్, ఊరు చూస్తారు. నేను చూసేది ఐస్ టైం ఒక్కటే. పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల మధ్య ఆమె మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు ఆడుతుంది, ఏ పరిస్థితుల్లో ఆడుతుంది అన్నదే.

లెక్క చేసి చూడండి. ఆట 60 నిమిషాలు. గోల్ కాసే గోలీని పక్కన పెడితే ఒకేసారి అయిదుగురు ఐస్ మీద ఉంటారు. అంటే పంచుకోవడానికి ఉన్నవి 300 నిమిషాలు. వాటిని మ్యాచ్‌కు దిగే పద్దెనిమిది మందికి సమానంగా పంచితే తలా పదహారు, పదిహేడు వస్తాయి. ఏ కోచ్ అలా పంచడు. మొదటి డిఫెన్స్ జంట పాతిక నిమిషాలు తీసుకుంటుంది. పవర్ ప్లే (ఎదుటి జట్టులో ఒకరు శిక్షపై బయట ఉన్న సమయం), పెనాల్టీ కిల్ (మన జట్టులో ఒకరు అలా బయట ఉన్న సమయం) పైవాళ్లకే వెళ్తాయి. ఆట బిగిసిన కొద్దీ నాలుగో లైన్ (ముగ్గురేసి ఫార్వర్డ్‌ల బృందాల్లో చివరిది) బెంచీకే అతుక్కుపోతుంది, చివరిదైన మూడో పీరియడ్‌లో వాళ్లకు రెండు షిఫ్టులు (ఐస్ మీదికి దిగే విడతలు) దొరికితే గొప్ప. ఆ పద్దెనిమిది మందిలో పేరు లేని వాళ్లు స్టాండ్లలో కూర్చుని చూస్తారు. ప్రాక్టీసు అందరికీ ఒకటే, నిజమే. కానీ ఒక గోలు ఆధిక్యంతో ఉన్నప్పుడు, చివరి నిమిషంలో, సొంత నెట్ ముందు పక్‌ను ఎలా బయటికి పంపాలన్నది ప్రాక్టీసులో రాదు. ఆ నిమిషాల్లో ఐస్ మీద ఉన్నవాళ్లకే వస్తుంది. ప్రొఫెషనల్ జట్ల కోసం ఆటగాళ్లను వెతికే స్కౌట్లు చూసేదీ ఆ నిమిషాలనే.

ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో నలభైకి పైగా మహిళా జట్లున్నాయి. పైవాటికీ మిగతావాటికీ మధ్య దూరం ఎంతో ఒక లెక్క చెబుతుంది. 2001లో జాతీయ చాంపియన్‌షిప్ మొదలైనప్పటి నుంచి 2025 దాకా ఇచ్చిన 24 టైటిళ్లనూ అయిదే కాలేజీలు పంచుకున్నాయి: విస్కాన్సిన్ 8, మిన్నెసోటా 6, మిన్నెసోటా డులూత్ 5, క్లార్క్‌సన్ 3, ఒహాయో స్టేట్ 2. ఈ జట్లలోకి వచ్చే అమ్మాయిల్లో చాలామంది అప్పటికే కెనడా, అమెరికా అండర్-18 జట్లలో ఆడినవాళ్లు. పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే వ్యవస్థ) వచ్చాక కోచ్‌లు కొత్తగా చేరిన అమ్మాయిని రెండేళ్లు సాన పట్టే అవసరం తగ్గింది. ఖాళీ వస్తే మరో కాలేజీలో మూడేళ్లు ఆడి రాటుదేలిన ఇరవై రెండేళ్ల అమ్మాయిని తెచ్చుకుంటున్నారు. మీ అమ్మాయి రెండో ఏడు మూడో లైన్‌కు ఎదగాల్సిన సమయానికి ఆ చోటులో ఇంకొకరు ఉంటారు.

కెనడాలోనూ మొదటి ఏడాది పూలబాట కాదు. యూ స్పోర్ట్స్‌లో అయిదేళ్లు ఆడే వీలుంది కాబట్టి పద్దెనిమిదేళ్ల పిల్ల ఇరవై మూడేళ్ల వాళ్లతో ఢీకొనాలి. కానీ రెండో ఏటికి పై రెండు లైన్లలోకి రావడం, మూడో ఏటికి పవర్ ప్లేలో నిలబడటం మంచి ఏఏ స్థాయి (ఇక్కడ అమ్మాయిల హాకీలో పై స్థాయి) అమ్మాయికి సాధ్యమయ్యే పని. మ్యాచ్‌ల సంఖ్య తక్కువే. అమెరికాలో రెగ్యులర్ సీజన్ 34 దాకా వెళ్తే ఇక్కడ లీగ్ మ్యాచ్‌లు పాతిక చిల్లర. అయినా 34 మ్యాచ్‌ల్లో ఆరేసి నిమిషాల కంటే పాతిక మ్యాచ్‌ల్లో ఇరవయ్యేసి నిమిషాలు రెండింతలకు పైనే కదా.

అమెరికా వైపు బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాచను. డ్రాఫ్ట్‌లో పిలుపు వచ్చేది ఎక్కువగా అక్కడివాళ్లకే. 2023లో మొదటి ఎంపిక టేలర్ హైజ్ మిన్నెసోటా, 2024లో సారా ఫిలియర్ ప్రిన్స్‌టన్, 2025లో క్రిస్టీనా కల్టౌన్‌కోవా కోల్గేట్. ఆట వేగంలోనూ అక్కడి పై జట్లు ఒక మెట్టు పైనే. అయితే ఆ పేర్లు చూసి కాలేజీయే వాళ్లను తయారు చేసిందనుకోవద్దు. ఫిలియర్ పద్దెనిమిదేళ్లకే కెనడా సీనియర్ జట్టుకు ఆడింది. అలాంటి అమ్మాయి ఎక్కడ చేరినా మొదటి లైన్‌లోనే ఉంటుంది. మీ ఇంట్లోనూ అలాంటి పిల్ల ఉంటే ఈ వ్యాసం అవసరం మీకు లేదు, కోచ్‌లే మీ ఫోను వదలరు.

ఇటువైపు పేర్లూ తక్కువేమీ కావు. 2018 ఒలింపిక్స్‌లో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన మెలోడీ దౌస్త్ మెక్‌గిల్ విద్యార్థిని. కెనడా జట్టు దిగ్గజం హేలీ వికెన్‌హైజర్ కాల్గరీ యూనివర్సిటీ జట్టుతో 2012లో జాతీయ టైటిల్ గెలిచి, ఆ తర్వాత డాక్టర్ అయింది. (ఆమె యూనివర్సిటీలో ఆడింది ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాక, కాబట్టి ఆ ఉదాహరణను నా పక్షాన మరీ లాగను.)

డబ్బు సంగతి. పూర్తి ఎన్‌సీఏఏ స్కాలర్‌షిప్ అంటే ఫీజు, వసతి, భోజనం, పుస్తకాలు అన్నీ. దానికి సాటి కెనడాలో దొరకడం అరుదు. ఇక్కడ క్రీడా సహాయం చాలావరకు ఫీజుల దగ్గరే ఆగుతుంది, గది, తిండి ఎక్కువగా మన ఖర్చే. కానీ పూర్తి స్కాలర్‌షిప్ అందరికీ రాదు. 2025 దాకా జట్టుకు 18 స్కాలర్‌షిప్‌లే పరిమితి. ఆ ఏడాది ఎన్‌సీఏఏపై నడిచిన కేసులో కుదిరిన కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, దాని స్థానంలో 26 మంది రోస్టర్ (జట్టు జాబితా) పరిమితి వచ్చింది. నేను వద్దనేది సగం స్కాలర్‌షిప్‌ను. ఏడాదికి 80,000 డాలర్లు దాటే ప్రైవేటు కాలేజీలో సగం మినహాయింపు అంటే మిగతా 40,000 మీ నెత్తిన పడుతుంది. లీగ్‌లో ఏడాదంతా దెబ్బలు తిని సంపాదించే కనీస జీతం ఆ ఒక్క ఏడాది ఖర్చుకు కూడా సరిపోదు. ఐవీ లీగ్‌లో (ప్రిన్స్‌టన్ లాంటి పేరున్న పాత ప్రైవేటు యూనివర్సిటీలు) క్రీడా స్కాలర్‌షిప్‌లే లేవు, ఇచ్చేది కుటుంబ ఆదాయాన్ని బట్టి. ఇద్దరూ ఐటీలో ఉన్న ఇంటికి అక్కడ పెద్దగా ఏమీ రాకపోవచ్చు. మూడో డివిజన్‌లోనూ క్రీడా స్కాలర్‌షిప్‌లు ఉండవు. "ఎన్‌సీఏఏలో సీటొచ్చిందండీ" అని మిఠాయి పంచేముందు ఏ డివిజనో అడగండి.

కాగితాల సంగతి కూడా మన ఇళ్లలో చిన్నది కాదు. కెనడా నుంచి వెళ్లే అమ్మాయి అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివే విదేశీ విద్యార్థి. తోటి అమెరికన్ ఆటగాళ్లు పేరు, బొమ్మ అమ్ముకుని సంపాదించే డబ్బు ఆమెకు అంత తేలిగ్గా అందదు. అమెరికాలోనే హెచ్-4 మీద (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) పెరిగిన పిల్లకు ఇరవై ఒకటో ఏట, అంటే మూడో సంవత్సరం మధ్యలో, స్టేటస్ మార్చుకోవలసి వస్తుంది. దాని గురించి కోచ్‌కు ముందే చెప్పి ఉంచడం మంచిది. ఇక "భారత జట్టుకు ఆడొచ్చు కదా" అని ఇండియా నుంచి బంధువులు అడుగుతుంటారు. లద్దాఖ్ అమ్మాయిలే ఎక్కువగా ఉన్న మన జట్టు 2025లో ఆసియా కప్ కాంస్యం గెలిచింది, అందరం సంతోషించాం. కెనడా, అమెరికా పాస్‌పోర్టున్న మన పిల్లలకు మాత్రం అందులో చోటు లేదు.

స్వీడన్ గురించి కూడా అడుగుతున్నారు. అక్కడి మహిళల లీగ్ ఎస్‌డీహెచ్ఎల్ మంచిదే, 2022-23 నుంచి అక్కడ బాడీ చెకింగ్ (ఒంటితో ఢీకొట్టి ఎదుటివారిని పక్ దగ్గర నుంచి తప్పించడం) కూడా ఉంది. డిగ్రీ అయ్యాక డ్రాఫ్ట్‌లో పిలుపు రాకపోతే ఒకటి రెండేళ్లు వెళ్లి ఆడటానికి బాగుంటుంది. పద్దెనిమిదేళ్లకు చదువు వదిలి వెళ్లడం నాకు నచ్చదు. ఫిన్లాండ్, స్విట్జర్లాండ్ లీగ్‌లకూ ఇదే మాట. నెలకు వేల డాలర్లు తీసుకునే హాకీ అకాడమీలో ఒక ఏడాది అదనంగా చేర్చడం గురించి చెప్పేదేమీ లేదు, వద్దు.

మొత్తం మీద నేను చెప్పేది ఇదీ: పూర్తి స్కాలర్‌షిప్, దానితో పాటు రెండో ఏటికి పై మూడు లైన్లలో చోటు వచ్చే అవకాశం, రెండూ కనిపిస్తే అమెరికా. అందులో ఏ ఒక్కటి లేకపోయినా కెనడా. ఆ రెండోది తెలుసుకోవడానికి కోచ్ మాట నమ్మొద్దు, ప్రతి కోచ్ "మీ అమ్మాయికి మా జట్టులో పెద్ద పాత్ర ఉంది" అనే అంటాడు. రోస్టర్ తీసి మీ అమ్మాయి ఆడే స్థానంలో ఎవరు ఏ సంవత్సరంలో ఉన్నారో చూడండి. గత మూడేళ్లలో చేరిన వాళ్లలో ఎంతమంది ఇంకా అక్కడే ఉన్నారో, ఎంతమంది పోర్టల్‌లోకి వెళ్లారో లెక్కపెట్టండి. గంట పని.

గోలీల తల్లిదండ్రులకు ఇదంతా ఇంకాస్త కఠినం. జట్టులో ముగ్గురు గోలీలుంటారు, నెట్ ఒకటే. నాలుగో లైన్ అమ్మాయికి ఆరు నిమిషాలైనా దొరుకుతాయి, మూడో గోలీకి సీజన్ మొత్తంలో సున్నా. వాళ్లు రెండు దేశాల్లోనూ మొదట చూడవలసింది మొదటి గోలీ ఎప్పుడు పట్టా పుచ్చుకుంటుందన్నదే. వచ్చే వసంతంలో ఖాళీ అయ్యే నెట్ ఉంటే, చిన్న జట్టయినా సరే. మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచి 2020లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన కిమ్ సెయింట్-పియర్ మెక్‌గిల్‌లో చదువుతూ మహిళల జట్టుకు గోల్ కాచింది. 2003లో పురుషుల జట్టు గోలీ కోసం వెతుక్కుంటే వాళ్ల నెట్‌లోనూ నిలబడి లీగ్ మ్యాచ్ గెలిచింది.