పూర్తి సెల్లారా, సగం సెల్లారా?

శ్రీకాకుళంలో నాగావళికి దగ్గరగా ఇల్లు కట్టేవారు కింది అంతస్తును పూర్తిగా భూమిలోకి దించాలా, సగమే దించాలా అని అడిగితే సగమే చాలంటాను. మనవాళ్లు రెండింటినీ సెల్లార్ అనే అంటారు కాబట్టి, నేలమట్టానికి ఎన్ని అడుగుల కిందకో మేస్త్రీకి తేల్చి చెప్పండి.

పూర్తి సెల్లార్‌తో స్థలం కలిసివస్తుంది, ఇంట్లోకి మెట్లూ తక్కువే. కానీ వానాకాలంలో భూగర్భజలం పైకి వచ్చినప్పుడు నీరు గోడలను పక్కనుంచి, గచ్చును కిందనుంచి నెడుతుంది. ముందు గోడ అడుగున తడి మరక, ఆపై తెల్లని ఉప్పు పొర, తర్వాత పెచ్చులూడటం. ఊరిన నీటిని తోడేందుకు సంపులో మోటారు ఉన్నా తుపానుకు కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. 2014లో హుద్‌హుద్‌ను, 2018లో తిత్లీని చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

సగం సెల్లార్‌లో వెంటిలేటర్లు నేలమట్టానికి పైన ఉంటాయి. వెలుతురు, గాలి వాటంతటవే వస్తాయి. బండ్లు దిగే ర్యాంపు పొట్టిది. అయితే ఇంటి గడపకు నాలుగైదు అడుగుల ఎత్తు ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది నిజంగా కష్టమే. ర్యాంపు మొదట్లో రోడ్డుకంటే జానెడు ఎత్తున గట్టు, దాని వెనుక అడ్డంగా జాలీ మూతతో కాలువ తప్పనిసరి. అవి లేకపోతే వీధి నీరంతా లోపలికే. ఇన్వర్టర్, బియ్యం బస్తాలు మాత్రం రెండింటిలోనూ పెట్టవద్దు.