లాక్టులోజ్ సిరప్: లివర్ వార్డులో ఏళ్ల తరబడి వాడాక

లాక్టులోజ్ అంటే ఏమిటో ఇక్కడ మళ్లీ చెప్పను. మలబద్ధకానికి వాడే ఆ తియ్యటి, చిక్కటి సిరప్ చాలామందికి తెలిసిందే. సిర్రోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) ముదిరి మెదడు మసకబారిన రోగికి, అంటే హెపాటిక్ ఎన్‌సెఫలోపతిలో, అది చేసే పని గురించే నేను రాస్తున్నది. అందులోనూ నాకు ప్రాణమనిపించే గుణం ఒకటుంది. ఈ మందు పనిచేస్తోందో లేదో తెలుసుకునే కొలత మంచం పక్కన కూర్చున్న మనిషి చేతిలోనే ఉంటుంది.

లివర్ వార్డులో మిగతా మందులకి అలా కాదు. యాంటీబయాటిక్ పట్టు దొరికిందా అంటే రిపోర్టు రావాలి. పొట్టలో నీరు తగ్గడానికి ఇచ్చే మాత్రలు కిడ్నీలని దెబ్బతీస్తున్నాయా అంటే క్రియాటినిన్ చూడాలి. లాక్టులోజ్‌కి లెక్క ఒక్కటే: రోజుకి రెండు మూడు మెత్తటి విరేచనాలు. తక్కువైతే మందు పెంచాలి, ఎక్కువైతే తగ్గించాలి. అక్షరం రాని పెద్దావిడ ఒకరు భర్త కేస్ షీటు వెనక పెన్సిలుతో నిలువు గీతలు గీసుకుని, “రాత్రి ఒకటి, తెల్లారి ఒకటి అయ్యాయమ్మా, ఇంకో మూత పొయ్యనా?” అని అడిగారు. ఆవిడ చూసుకున్నన్ని రోజులూ ఆ మోతాదు ఒక్కసారి కూడా తప్పలేదు. వైద్యంలో రోగి ఇంటివాళ్లకి ఇంత అధికారం ఇచ్చే మందులు అరుదు. అందుకే దీని మీద నాకంత మమకారం.

లోపల జరిగేది కూడా అంతే చక్కగా ఉంటుంది. దీన్ని విడగొట్టే ఎంజైము మన చిన్నపేగులో లేదు కాబట్టి చెక్కుచెదరకుండా పెద్దపేగుకి చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని లాక్టిక్, అసిటిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. పాడైన లివర్ శుద్ధి చెయ్యలేక రక్తంలో పేరుకుని మెదడుని మసకబార్చేది ముఖ్యంగా అమ్మోనియా. ఆ ఆమ్లంలో అది అమ్మోనియంగా మారి, పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లలేక మలంతో బయటికి పోతుంది. పాడైన లివర్ చెయ్యలేకపోతున్న శుద్ధిలో కొంత భారం పేగు మొయ్యడమన్నమాట. 1966లో యోహానెస్ బిర్చర్ బృందం లాన్సెట్ పత్రికలో ఈ జబ్బుకి దీని వాడకం గురించి రాసింది. 2004లో ఒక సమీక్ష దీనికి గట్టి ఆధారాలే లేవంది. 2016 నాటి కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి తూచేది) మళ్లీ దీనివైపే మొగ్గింది, ప్రాణాపాయం కూడా తగ్గవచ్చంది. 2009లో వచ్చిన ఒక అధ్యయనం నాకింకా దగ్గరగా అనిపిస్తుంది. ఒకసారి మసకబారి కోలుకున్నవాళ్లలో, ఈ సిరప్ కొనసాగించినవాళ్లకి సుమారు 20 శాతం మందిలో మళ్లీ వస్తే, మానేసినవాళ్లకి 47 శాతం మందిలో వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు సీసా చేతిలో పెట్టి “ఇది ఆపొద్దు” అని అంత గట్టిగా చెప్పేది అందుకే.

అలా చెప్పడంతో ఆగిపోతే ఏమవుతుందో కూడా చూశాను.

వేరే ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయి ఇంట్లో ఉన్న ఒకాయనని కొడుకు రాత్రి పూట ఎత్తుకొచ్చాడు. మనిషి పూర్తి మగతలో ఉన్నాడు. గట్టిగా పిలిస్తే కళ్లు తెరుస్తాడు, మళ్లీ మూస్తాడు. కొడుకు చేతిలో కాగితం ఉంది. దాని మీద లాక్టులోజ్ 30 మిల్లీలీటర్లు రోజుకి మూడుసార్లు, “మోషన్లు కావాలి, తగ్గితే మందు పెంచాలి” అని రాసుంది. అంతవరకే ఉంది. నాన్న నిద్రమత్తుగా ఉన్నాడనిపించిన ప్రతిసారీ ఆ అబ్బాయి ఇంకో మోతాదు పోశాడు. మత్తు దిగలేదు, మళ్లీ పోశాడు. అప్పటికి కొన్ని రోజులుగా విరేచనాలు లెక్కకి అందడం లేదు, అన్నీ నీళ్లే. కన్నతండ్రి చెయ్యి జారిపోకుండా పట్టుకోవాలన్న ఆత్రంతో, రాసిచ్చిందే అక్షరాలా పాటించాడు.

చూడ్డానికి అది ముదిరిన ఎన్‌సెఫలోపతిలాగే ఉంది. ముక్కు గొట్టం వేసి ఇంకా లాక్టులోజ్ పొయ్యడం, 300 మిల్లీలీటర్లు 700 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఎనిమా ఇవ్వడం, ఇదే అలవాటైన దారి. ఎనిమా సిద్ధం చెయ్యమంటే డ్యూటీలో ఉన్న సిస్టరు ఆగమన్నారు. “నాలుక చూడండి మేడమ్, చెక్కలా ఉంది. ఇంకా విరేచనం చేయిస్తే ఏం మిగులుతుంది?” అన్నారు. చర్మం చిటికెతో పట్టుకుంటే లేచినచోటే నిలబడింది. రక్తపరీక్ష వచ్చేసరికి సోడియం 160 దాటింది (మామూలుగా 135 నుంచి 145 ఉండాలి), పొటాషియం బాగా పడిపోయింది.

నీళ్ల విరేచనాల్లో ఉప్పుకన్నా నీరే ఎక్కువ పోతుంది, దాంతో రక్తంలో సోడియం చిక్కబడుతుంది. అది ఒక్కటే చాలు మనిషిని మగతలోకి నెట్టడానికి. పైగా మగతలో ఉన్న మనిషికి దాహం వేసినా నీళ్లు అడగలేడు. పొటాషియం పడిపోతే కిడ్నీలే అమ్మోనియా ఎక్కువ తయారుచేస్తాయి. అంటే దేన్ని తగ్గించడానికి మందు పోస్తున్నామో, శృతి మించితే ఆ మందే దాన్ని పెంచుతుంది, బయటికి కనిపించే లక్షణాలు కూడా అవే. జబ్బు ముదిరిందా, మందు ముదిరిందా అన్నది మంచం పక్కన నిలబడి చూస్తే తేలదు. అసలు భయం నాకు అక్కడే.

లాక్టులోజ్ ఆపేశాం. గొట్టంలో మంచినీళ్లు, నరానికి 5 శాతం డెక్స్‌ట్రోజు, పొటాషియం ఇచ్చాం. సోడియాన్ని ఒక్కసారిగా దించితే మెదడు వాచే ప్రమాదం ఉంది కాబట్టి రోజుకి 10 పాయింట్లు మించకుండా మెల్లగా దించాం. మూడో రోజుకి ఆయన కొడుకుని పేరు పెట్టి పిలిచాడు. చేతులు చాపమంటే వణుకు ఇంకా ఉంది కానీ కళ్లలో మనిషి కనిపించాడు. ఆ తర్వాతే తక్కువ మోతాదులో లాక్టులోజ్ మళ్లీ మొదలుపెట్టాం. “నేనే నాన్నని ఇలా చేశానా మేడమ్?” అని ఆ అబ్బాయి అడిగిన తీరుకి నాకిప్పటికీ కోపం వస్తుంది. ఆ అబ్బాయి మీద కాదు, కింది హద్దు రాసి పై హద్దు రాయని ఆ కాగితం మీద.

కాబట్టి కొలత ఇంటివాళ్ల చేతిలో ఉంటుందన్న నా మాట, రెండు హద్దులూ చెప్పినప్పుడే నిజం.

ఇంకో మాట కూడా సరిచెయ్యాలి. రోగి తేరుకున్నప్పుడు ఘనతంతా ఈ సిరప్‌కే ఇచ్చేస్తాం. చాలాసార్లు అసలు పని జరిగేది మసక తెప్పించిన కారణాన్ని పట్టుకున్నప్పుడు. పొట్టలోని నీటికి ఇన్‌ఫెక్షన్ సోకిందా (సూదితో తీసి చూస్తే మైక్రోలీటరుకి 250 న్యూట్రోఫిల్స్, అంటే ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే ఒక రకం తెల్లకణాలు, ఉంటే చాలు, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి), పేగుల్లో రక్తస్రావమవుతోందా, ఎవరైనా నిద్రమాత్ర ఇచ్చారా, నీరు తగ్గించే మాత్రలు ఎక్కువయ్యాయా అన్నవి వెతకాలి. ఇవేమీ వెతక్కుండా గొట్టంలో సిరప్ పోస్తూ కూర్చుంటే పొద్దు గడుస్తుంది, రోగి చేజారతాడు. రక్తంలో అమ్మోనియా మామూలుగా ఉంటే ఇది లివర్ మసకేనా అని మళ్లీ ఆలోచించాలి. తలలో రక్తం గడ్డకట్టిందేమో, షుగరు పడిపోయిందేమో చూడాలి.

చిన్న ఇబ్బందులు చాలానే ఉన్నాయి. కడుపుబ్బరం, గాలి, మలద్వారం చుట్టూ చర్మం ఒరిసిపోవడం. వీటికన్నా పెద్దది మాత్రం సిగ్గు. నలుగురిలో పనిచేసేవాళ్లు చెప్పకుండా మానేస్తారు. ఆ రోగుల్ని మందలించడం నాకు ఎన్నడూ ఇష్టం లేదు. పని వేళని బట్టి మోతాదు వేళలు మార్చి చూస్తాను. అయినా మళ్లీ మళ్లీ మసకబారుతుంటే రిఫాక్సిమిన్ అనే, పేగులోనే పనిచేసే యాంటీబయాటిక్ మాత్ర 550 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు జోడిస్తాను. 2010 నాటి పరీక్షలో ఆ మాత్ర ఆరు నెలల్లో మళ్లీ రావడాన్ని 46 శాతం నుంచి 22 శాతానికి తగ్గించింది. అయితే అందులో పాల్గొన్నవాళ్లలో 90 శాతం పైగా లాక్టులోజ్ కూడా వాడుతూనే ఉన్నారు. సిరప్ మానేసి మాత్ర ఒక్కటే చాలంటారా అని అడిగేవాళ్లకి ఈ మాట తప్పకుండా చెప్తాను.

మొత్తానికి వాడమంటానా? నేనైతే వాడుతూనే ఉంటాను. కానీ నాది ప్రతి విరేచనాన్నీ సిస్టర్లు రాసిపెట్టే వార్డు, అర్ధరాత్రి అడిగినా సోడియం రిపోర్టు వచ్చే చోటు. ఒక్క మనిషే అటు ఉద్యోగం, ఇటు రోగినీ చూసుకునే ఇంట్లో ఇదే మందు ఇంత భద్రంగా ఉంటుందని చెప్పలేను. వృద్ధులకి, అప్పటికే నీరు తగ్గించే మాత్రలు వాడేవాళ్లకి నేను తక్కువతోనే మొదలుపెడతాను. వేరే డాక్టర్లు వేరేలా చెయ్యొచ్చు.

డిశ్చార్జి కాగితం మీద మాత్రం ఇప్పుడు నా చేత్తోనే, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. రోజుకి రెండుకి తగ్గితే ఒక మోతాదు పెంచండి. మూడు దాటితే ఒకటి తగ్గించండి. నీళ్లలా అవుతుంటే ఆ పూట ఆపేసి ఫోన్ చెయ్యండి. మగతగా ఉండి, విరేచనాలు అప్పటికే ఎక్కువగా అవుతుంటే ఇంకో చెంచా కూడా పొయ్యొద్దు, వెంటనే తీసుకురండి.