రెండు రోజుల లీడర్‌షిప్ ట్రైనింగ్: నా రేటింగ్ అయిదుకి మూడు

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో నేను షిఫ్ట్ ఇన్‌చార్జిని. నా కింద పద్నాలుగు మంది. మాలో అయిదుగురిని కంపెనీయే ఈ ట్రైనింగుకి పంపింది.

మొదటి రోజు దండగ. స్లైడ్ల మీద స్లైడ్లు, వణికించే ఏసీ. మధ్యాహ్నం గుత్తి వంకాయ మాత్రం బాగుంది.

రెండో రోజు పొద్దున జోహారీ విండో చేయించారు. జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1955లో తెచ్చిన పద్ధతి. వాళ్ల పేర్లు కలిపితేనే ఆ జోహారీ. ఒక జాబితాలోంచి మనకు సరిపోయే మాటలకు మనం టిక్ పెట్టుకుంటాం, మన గురించి తోటివాళ్లూ పెడతారు. నేను ‘ఓపికస్తుడు’ అని పెట్టుకున్నాను. మిగతా నలుగురిలో ఒక్కరూ ఆ మాట జోలికి పోలేదు!

టీ బ్రేక్‌లో ప్యాకింగ్ చూసే కుర్రాణ్ని అడిగాను. కాసేపు నసిగి, “ఏమనుకోకండన్నా, మేం చెప్పడం మొదలెట్టగానే మీరు గోడ గడియారం చూస్తారు” అన్నాడు. నిజమే. ఇప్పుడు షిఫ్ట్ అప్పగింతలప్పుడు గడియారానికి వీపు పెట్టి నిలబడుతున్నా. మెషీన్ సౌండ్ తేడాగా ఉందని, ఇంట్లో బాబుకి జ్వరమని, ఇదివరకు మింగేసే మాటలు ఇప్పుడు చెబుతున్నారు.

నెల తర్వాత ఫోన్ చేసి కనుక్కుంటామన్నారు ట్రైనింగ్ వాళ్లు. మూడు నెలలైంది, అతీగతీ లేదు. మొదటి రోజు ఎత్తేసి ఫీజు సగం చేస్తే నాలుగిస్తాను.