ఫార్మేట్ కొట్టే పని లేకుండా: మా పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ మింట్, అందులో టైమ్‌షిఫ్ట్

విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ మీద సమీక్ష అనే మొదలుపెట్టాను గానీ నేను చెప్పాలనుకున్నదంతా అందులో ఉండే, పాడైన సిస్టమ్‌ని బాగున్న రోజుకి వెనక్కి తీసుకెళ్ళే టైమ్‌షిఫ్ట్ అనే ఒక్క ప్రోగ్రామ్ గురించే. డెస్క్‌టాప్ రూపాల్లో సినమన్ బాగుంటుందా ఎక్స్‌ఎఫ్‌సీఈ బాగుంటుందా, ఎంత ర్యామ్ తింటుంది, పెన్‌డ్రైవ్‌లో ఎలా ఎక్కించాలి, ఇవన్నీ ఇప్పటికే బోలెడు మంది రాసేశారు, నేను మళ్ళీ రాయక్కర్లేదు. మా ఇంట్లో కంప్యూటర్ పాడైనప్పుడల్లా ఎవరో ఒకరు "ఫార్మేట్ కొట్టేద్దాం" అనేవారు, టైమ్‌షిఫ్ట్ వచ్చాక ఆ మాట ఆగిపోయింది. దానికే నాకు దీనిమీద ఇంత ఇష్టం.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే, వీధిలో తెలుగూ ఒడియా రెండూ, పక్కనే పాతపట్నం, అక్కడ్నించి శ్రీకాకుళం జిల్లా. ఊళ్ళో రిపేర్లు చేసేవాళ్ళు లేరని కాదు, ఉన్నారు, కానీ గ్రాఫిక్స్ కార్డు మాట ఎత్తితే బరంపురం తీసుకెళ్ళండి అంటారు, లేదంటే ఫార్మేట్. సీపీయూని దుప్పట్లో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని బరంపురం వెళ్ళి రావడమంటే ఒక రోజు పోయినట్టే. ఫార్మేట్ అంటే అంతకన్నా బాధ. నేను ఇంట్లో ట్యూషన్లు చెప్తాను, ప్రశ్నపత్రాలు, ఒడియా ఫాంట్లు, తెలుగు ఫాంట్లు, ప్రింటర్, స్కానర్ అన్నీ మళ్ళీ మొదట్నించి పెట్టుకోవాలి, ఈలోపు పిల్లలు వచ్చి కూర్చుంటారు.

మిషన్ పాతది. నాలుగో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, మధ్యలో వేయించిన ఎస్‌ఎస్‌డీ, దాంతోపాటు పాత హార్డ్‌డిస్కు. ఒక పిడుగుల వానకి బోర్డు మీది డిస్‌ప్లే పోర్టులు పోయాయి, అప్పట్నించి ఎన్విడియా జీటీ 710 కార్డు మీదే తెర నడుస్తోంది, అంటే కార్డు పని చెయ్యకపోతే మాకు బొమ్మే లేదు. విండోస్ 10 కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ముగిసిందని అందరికీ తెలుసు, 11 కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం నుంచే లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి మాకు ఆ దారి లేదు. మేం అంతకు ముందే మింట్‌కి వచ్చేశాం, 21తో మొదలుపెట్టి తర్వాత 22కి మారాం.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లగా అయిపోయే వాళ్ళ కోసం ఒక ముక్క చెప్పి ముందుకెళ్తాను. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే మొదట వచ్చే మెనూలో కంపాటిబిలిటీ మోడ్ అని ఇంకో వరస ఉంటుంది, అదే ఎంచుకోండి. అది లోపల నోమోడ్‌సెట్ అన్న మాటని కలిపి బూట్ చేస్తుంది, అంటే కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) తనంతట తాను కార్డు జోలికి పోకుండా సాదా తెరతో సరిపెట్టుకుంటుంది. అక్షరాలు పెద్దగా వికారంగా కనిపిస్తాయి, పర్లేదు, ఇన్‌స్టాల్ అయిపోతుంది. తర్వాత కార్డుని నడిపే డ్రైవర్లని చూపించే డ్రైవర్ మేనేజర్ తెరిస్తే మా కార్డుకి ఎన్విడియా 470 వరస డ్రైవర్ అని చూపించింది, అదే వేశాం, రీస్టార్ట్ చేశాక తెర శుభ్రంగా వచ్చింది. జీటీ 710 కెప్లర్ తరం, ఆ తరానికి 470 వరసే ఆఖరిది. ఈ అంకె గుర్తుంచుకోండి, తర్వాత కథంతా దీనిమీదే.

టైమ్‌షిఫ్ట్ గురించి మింట్ మొదటిసారి తెరిచినప్పుడే వెల్‌కమ్ తెరలో సిస్టమ్ స్నాప్‌షాట్స్ అని చూపిస్తుంది, అంటే సిస్టమ్ ఆ రోజు ఎలా ఉందో అలా తీసి దాచే కాపీలు. నేను దాన్ని పాత హార్డ్‌డిస్కులోకి పెట్టాను. విండోస్ నాటి ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ ఇస్తే ఒప్పుకోదు, లినక్స్ ఫైల్ సిస్టమ్ కావాలి, అందుకని డిస్కులో కొంత ముక్క ఈఎక్స్‌టీ4 చేసి ఇచ్చాను. మొదటి స్నాప్‌షాట్ మొత్తం సిస్టమ్‌ని కాపీ చేస్తుంది కాబట్టి టైము, చోటు రెండూ తీసుకుంటుంది, ఆ తర్వాతవి మారిన ఫైళ్ళు మాత్రమే కొత్తగా రాసుకుంటాయి, మారనివి పాతవాటికే లింకు పెట్టుకుంటాయి. వారానికొకటి, ఏదైనా కొత్తది వేసే ముందు చేత్తో ఒకటి. ఇలా పెట్టి వదిలేశాను, చాలాకాలం దాని అవసరమే రాలేదు.

అవసరం వచ్చింది వేసవి సెలవుల్లో. మా అన్నయ్య కొడుకు టెక్కలి నుంచి వచ్చాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ నేర్చుకుంటున్నాడు. మంచి కుర్రాడు, తెలివైనవాడు. మా కంప్యూటర్‌లో బ్లెండర్ నెమ్మదిగా కదుల్తోందని డ్రైవర్ చూశాడు. "అత్తా, ఏటీ ఇంత పాత డ్రైవరు, కొత్తది ఏసేస్తే స్పీడుగుంటాది కదా" అన్నాడు. ఏదో వీడియోలో చెప్పినట్టు బయటి రిపాజిటరీ (ప్రోగ్రాములు దించుకునే చోటు) ఒకటి కలిపి, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో పాత డ్రైవర్ తీసేసి, అన్నిటికన్నా కొత్త వరస వేసేశాడు. రీస్టార్ట్ చేశాడు. కంపెనీ లోగో వచ్చింది, తర్వాత నల్ల తెర, ఎడమ పక్క పైన చిన్న గీత ఒకటి మినుకుమినుకుమంటోంది, అంతే.

"నల్లగా అయిపోనాది అత్తా" అని లోపలికొచ్చాడు.

అది ఏ రోజంటే, మా పాప ప్లస్ టూ అప్లికేషన్‌కి మర్నాడే ఆఖరు తేదీ. ఒడిశాలో కాలేజీ అడ్మిషన్లకి ఉన్న శామ్స్ పోర్టల్‌లో పెట్టాలి. ఆ సాయంత్రమే మార్కుల షీటు, ఫోటో, మిగతా సర్టిఫికెట్లు స్కాన్ చేసి, సైజులు తగ్గించి, ఒక ఫోల్డర్‌లో సర్దుకుంది. పాప మొహం చూస్తే నాకు కడుపులో తిప్పింది. మా ఆయన వెంటనే రిపేర్ అబ్బాయికి ఫోన్ చేశారు, అతను "రేపు తెండి సార్, ఫార్మేట్ కొట్టి ఇచ్చేస్తా" అన్నాడు. ఫార్మేట్ కొడితే ఆ ఫోల్డర్ ఏమవుతుంది అని పాప ఏడుపు మొదలుపెట్టింది.

మేనల్లుడు ముందు తనకి తెలిసింది చేశాడు. బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ నొక్కి గ్రబ్ మెనూ (ఏది బూట్ చెయ్యాలో ఎంచుకునేది) తెప్పించి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నెల్ ఎంచుకున్నాడు. మామూలుగా కెర్నెల్ అప్‌డేట్ తర్వాత వచ్చే నల్ల తెరలకి ఇది బాగా పనికొచ్చే మందే, మీరూ మొదట అదే చెయ్యండి. కానీ మా దగ్గర అదీ నల్లగానే వచ్చింది. ఎందుకో తర్వాత ఇద్దరం కూర్చుని చదివితే అర్థమైంది. 470 తీసేసినప్పుడు ఏ కెర్నెల్‌కి ఆ కెర్నెల్‌కి తయారుచేసి పెట్టుకున్న దాని మాడ్యూళ్ళన్నీ (కెర్నెల్‌తో కలిసే డ్రైవర్ ముక్కలు) పోయాయి, కాబట్టి పాత కెర్నెల్‌లోకి వెళ్ళినా అక్కడా 470 లేదు. కొత్త వరస డ్రైవర్‌కి కెప్లర్ తరం కార్డులతో సంబంధం లేదు, చూసి వదిలేస్తుంది. సరే మింట్‌తో పాటు వచ్చే ఓపెన్ డ్రైవర్ నూవో అయినా పట్టుకోవాలి కదా అంటే, ఎన్విడియా ప్యాకేజీ ఏదైనా వేసినప్పుడు రెండూ కొట్టుకోకుండా నూవోని ఆపేసి పెడతారు. అంటే కార్డుని పట్టించుకునేవాడు సిస్టమ్‌లో ఒక్కడూ మిగల్లేదు. ఇందులో 470 తప్పేం లేదు, కార్డు తప్పూ లేదు, ఆ వీడియో చేసినాయన ఏ తరం కార్డుకి ఏ వరస అన్న మాటే చెప్పలేదు, నాకు కోపం ఉందంటే దానిమీదే.

నెట్ ఉంటే 470 మళ్ళీ దించుకోవచ్చు. మా ఇంట్లో నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటు, యూఎస్‌బీ వైఫై ముక్క. బొమ్మల్లేని తెర మీద దాన్ని కలపడం మా ఇద్దరికీ తెలీదు.

అప్పుడు గుర్తొచ్చింది టైమ్‌షిఫ్ట్. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల తెర మీద లాగిన్ అడిగింది. కొందరికి ఇది రాదు, అప్పుడు గ్రబ్‌లోంచి రికవరీ మోడ్‌కి వెళ్ళి రూట్ షెల్ (అన్ని అధికారాలతో ఆదేశాలు కొట్టే చోటు) తీసుకోవాలి. లోపలికెళ్ళి సుడో టైమ్‌షిఫ్ట్ అని కొట్టి, పక్కన రెండు అడ్డగీతలు పెట్టి రిస్టోర్ అని కొట్టాడు. దాచుకున్న స్నాప్‌షాట్లన్నీ అంకెలు, తేదీలతో వరసగా వచ్చాయి. ఆ తేదీలు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే వాటిల్లో పైదాకా అన్నీ 470 బాగా పనిచేస్తున్న రోజులవే. అన్నిటికన్నా కొత్తదాని అంకె కొట్టాం. ఏ డిస్కులోకి అని అడిగింది, గ్రబ్ మళ్ళీ వెయ్యాలా అని అడిగింది, చూపించిన వాటికే సరే అన్నాం, చివర్లో ఒకసారి నిజంగా చెయ్యమంటారా అంటే వై కొట్టాం. వరసలు వరసలుగా ఫైళ్ళ పేర్లు పరిగెత్తాయి. ముగ్గురం ఏం మాట్లాడకుండా నిలబడి చూస్తున్నాం, మా ఆయన కరెంటు పోకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నారు. అదే రీస్టార్ట్ అయింది. లాగిన్ తెర వచ్చింది, పూర్తి రిజల్యూషన్‌తో, పొద్దున్న ఎలా ఉందో అలాగ.

పాప గబగబా లాగిన్ అయి ఫోల్డర్ తెరిచింది. ఇక్కడే నాకు అసలు ఆశ్చర్యం. స్నాప్‌షాట్ వెనకటి వారానిది, స్కాన్లు ఆ సాయంత్రానివి, కాబట్టి అవి పోయే ఉంటాయి, మళ్ళీ చేసుకోవాలి అని మనసులో సిద్ధపడిపోయాను. ఒక్కటి కూడా పోలేదు. టైమ్‌షిఫ్ట్ మామూలు సెట్టింగ్స్‌లో మన సొంత ఫైళ్ళుండే హోమ్ ఫోల్డర్‌ని ముట్టుకోదు, సిస్టమ్ ఫైళ్ళని మాత్రమే వెనక్కి తీసుకెళ్తుంది. అంటే సిస్టమ్ పోయిన వారానికి వెళ్ళిపోయింది, మన ఫైళ్ళు ఇవాళ్టివి ఇవాళ్టిలాగే ఉన్నాయి. ఇలా ఆలోచించి చేసినవాళ్ళకి నిజంగా చేతులెత్తి దణ్ణం పెట్టాలి. అప్లికేషన్ ఆ రాత్రే పెట్టేశాం.

ఇంత పొగిడాక కొన్ని చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టు అవుతుంది. హోమ్‌ని ముట్టుకోదు అని పైన సంతోషపడ్డానే, దాని రెండో వైపు ఏంటంటే మీ ఫోటోలు, కాగితాలు అది దాచదు. ఎస్‌ఎస్‌డీ పోతే సిస్టమ్ వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ పాప స్కాన్లు రావు. వాటికి వేరే కాపీ ఉండాల్సిందే, మేం పెన్‌డ్రైవ్‌లో పెడుతున్నాం. స్నాప్‌షాట్లు కూడా సిస్టమ్ ఉన్న డిస్కులోనే పెట్టుకుంటే ఆ డిస్కు పోయిన రోజు రెండూ పోతాయి, పైగా చోటు నిండిపోయి లాగిన్ కూడా అవ్వని పరిస్థితి వస్తుంది, వేరే డిస్కు ఉంటేనే ఇది నిశ్చింత. ఇంకోటి, స్నాప్‌షాట్ తీశాక మధ్యలో వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. ఆ వారంలోనే వేసిన స్కానర్ డ్రైవర్ పోయింది, మళ్ళీ వేసుకున్నాం. డెస్క్‌టాప్ సెట్టింగ్స్ చెదిరిపోతే మాత్రం టైమ్‌షిఫ్ట్‌తో లాభం లేదు, అవి హోమ్‌లో ఉంటాయి కదా.

మా మరిది లాప్‌టాప్‌లో కూడా మింట్ వేశాం, అందులో కొత్త తరం కార్డు, సంతకం లేని డ్రైవర్లని ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది. అక్కడ వేరే గొడవ. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ అవగానే నీలం తెర వస్తుంది, కొన్ని సెకన్లే ఆగుతుంది, అందులో ఎన్‌రోల్ మాక్ ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. అదేదో వైరస్ అనుకుని కంటిన్యూ బూట్ కొట్టేస్తే డ్రైవర్ ఉండీ లేనట్టే. దీనికి టైమ్‌షిఫ్ట్ అక్కర్లేదు, ఆ నీలం తెర గురించి ముందే తెలిసి ఉంటే చాలు.

మరి అందరూ మింట్‌కి రావాలా అంటే నేను అలా చెప్పలేను. అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్ళు, ట్యాలీ మీద కొట్టు లెక్కలు రాసేవాళ్ళు, పెద్ద గేములు ఆడే పిల్లలున్న ఇళ్ళు విండోస్‌లోనే ఉండటం మంచిది. మా ఇంట్లో పని ట్యూషన్, పాప చదువు, కాగితాలు, వీడియోలు, అంతే, దానికి సరిపోతోంది. ఊళ్ళో మంచి రిపేర్ మనిషి చేతికి అందేలా ఉన్నవాళ్ళకి టైమ్‌షిఫ్ట్ విలువ నాకు తెలిసినంత తెలియకపోవచ్చు కూడా.

కార్డు సంగతి మాత్రం నాకు కొంచెం దిగులే. 470 వరసకి కంపెనీ సపోర్ట్ 2024లో ముగిసింది, ముందు ముందు వచ్చే కెర్నెళ్ళతో అది కలుస్తుందో లేదో చెప్పలేం, అందుకని అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ, లినక్స్ కెర్నెల్స్ అని ఉంటుంది చూడండి, అక్కడ 6.8 వరస దాటకుండా చూసుకుంటున్నాను. మింట్ 22 కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఈలోపు ఈ కార్డు పోతే ఏఎమ్‌డీది ఏదైనా సెకండ్‌హ్యాండ్‌లో చూద్దామంటున్నాడు మేనల్లుడు, మరీ పాతవి కాకపోతే వాటి డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుందట, బయట్నించి వెయ్యక్కర్లేదట. కొత్త మిషన్ మాట పాప కాలేజీ ఫీజులు కట్టాకే.