చిన్న దేశానికి సైనిక రవాణా విమానం: సొంతమా, వాటానా, పాతదా... ఏది మేలు?

లిథువేనియా జనాభా 30 లక్షలు కూడా లేదు. అయినా షౌలై వైమానిక స్థావరంలో మూడు సి-27జె స్పార్టన్ రవాణా విమానాలను నడుపుతోంది. ఎస్టోనియా మాత్రం అమెరికా వాడి ఇచ్చిన రెండు చిన్న ఎం28 స్కైట్రక్‌లతో సరిపెట్టుకుంది. లక్సెంబర్గ్ ఒకే ఒక్క ఏ400ఎం అనే పెద్ద రవాణా విమానం కొని బెల్జియం దళంలో కలిపేసింది. స్లోవేనియా మొదట ఒక స్పార్టన్ కొంది, తర్వాత రెండోదానికి కూడా ఆర్డర్ ఇచ్చింది. నాలుగూ చిన్న దేశాలే, నాలుగూ వేర్వేరు దారులు పట్టాయి. ఈ దారుల్లో ఎవరికి ఏది పనికొస్తుందో చూద్దాం.

మోడల్ కంటే ముందు సంఖ్య తేల్చుకోవాలి. రవాణా విమానాల దళంలో మామూలు లెక్క ఇది: మూడుంటే ఒకటి పెద్ద తనిఖీలో విప్పి ఉంటుంది, ఒకటి శిక్షణకో చిన్న మరమ్మతుకో పోతుంది, ఇక పనికి దొరికేది ఒకటే. రెండుంటే ఏడాదిలో కొన్ని నెలలు ఒక్కదానితోనే నెట్టుకురావాలి, ఆ ఒక్కదానికి టైరు పగిలినా ప్రయాణం ఆగినట్టే. ఒక్కటే ఉంటే పెద్ద తనిఖీ జరిగినన్నాళ్లూ దేశానికి విమానం లేదు. అందుకే ఉన్న డబ్బుతో ఒక పెద్ద విమానం వస్తుందా, మూడు చిన్నవి వస్తాయా అని అడిగితే మా జవాబు మూడు చిన్నవే. లక్సెంబర్గ్‌కు ఒకటి చాలడానికి కారణం వేరు. బెల్జియంలోని మెల్స్‌బ్రూక్ స్థావరంలో ఆ దేశం ఏడింటితో కలిసి దానిది ఎనిమిదో విమానం. తనది తనిఖీలో ఉన్నా మిగతా ఏడు ఉంటాయి.

తర్వాత చూడాల్సింది కార్గో హోల్డ్, అంటే విమానంలో సరుకు పెట్టే చోటు కొలతలు. కరపత్రంలో టన్నుల అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది కానీ, సహాయ సామగ్రి తీసుకెళ్లే విమానం చాలాసార్లు బరువు కంటే ముందు చోటుతోనే నిండిపోతుంది. దుప్పట్లు, గుడారాలు, మంచాలు అన్నీ గాలి నిండిన సరుకే. స్పార్టన్‌కు పోటీగా నిలిచే రవాణా విమానం సి-295. దాని హోల్డ్ 12.7 మీటర్ల పొడవు, 2.7 మీటర్ల వెడల్పు, 1.9 మీటర్ల ఎత్తు. 71 మంది సైనికులను లేదా 24 స్ట్రెచర్లను మోస్తుంది. స్పార్టన్ హోల్డ్ దీనికంటే దాదాపు నాలుగు మీటర్లు పొట్టి, కానీ ఎత్తు 2.6 మీటర్ల దాకా ఉంటుంది. ఆ 70 సెంటీమీటర్ల తేడా దగ్గరే చాలా నిర్ణయాలు తేలిపోతాయి. పైకప్పు మీద తుపాకీ స్టాండో రేడియో సామగ్రో ఉన్న జీపు స్పార్టన్‌లోకి నేరుగా ఎక్కుతుంది, సి-295 కోసం వాటిని విప్పాలి. విప్పితే దిగిన చోట మళ్లీ బిగించాలి, దానికి మనుషులూ పనిముట్లూ అదే విమానంలో రావాలి. మీ సైన్యం దగ్గరున్న వాహనాల ఎత్తు, వెడల్పు టేపు పెట్టి కొలవండి, ర్యాంపు ఏటవాలులో ఎక్కేటప్పుడు వెనక పైభాగం తగులుతుందేమో కూడా చూడండి. ఇది చేయడానికి ఒక రోజు చాలు, చేయకపోతే ముప్పై ఏళ్లు బాధపడాలి.

మోసే బరువులో కూడా స్పార్టన్‌దే పైచేయి. అది దాదాపు 11 టన్నులు మోస్తుంది, సి-295 ఏడు నుంచి తొమ్మిది టన్నుల మధ్య. స్పార్టన్ ఇంజిన్లు పెద్ద రవాణా విమానం సి-130జె (హెర్క్యులిస్) వాడే ఏఈ 2100 కుటుంబానివే, అవి రెండుంటాయి. ఎత్తైన కొండ ప్రాంతంలో, ఎండ కాస్తుండగా, పొట్టి రన్‌వే మీద నుంచి లేవాలంటే ఆ బలం కావాల్సిందే. ఇంత ఉన్నా, మామూలు చిన్న దేశానికి మేం సి-295నే చెబుతాం. కారణం స్పేర్ పార్టులు.

స్పార్టన్‌లు ప్రపంచంలో తక్కువ. అమెరికా వైమానిక దళం తనకున్న 21 స్పార్టన్‌లను కొత్తవిగా ఉండగానే వదులుకుంది, అవి కోస్ట్‌గార్డ్‌కూ ప్రత్యేక దళాలకూ వెళ్లాయి. అమెరికాను చూసుకుని పది కొన్న ఆస్ట్రేలియాకు పార్టుల సరఫరా, నిర్వహణ పెద్ద తలనొప్పిగా మారాయి. చివరికి 2021లో వాటిని యుద్ధరంగ పని నుంచి తప్పించి విపత్తు సహాయానికి కేటాయించింది. ఆస్ట్రేలియా లాంటి దేశానికే అలా అయితే మూడు విమానాల దేశం క్యూలో ఎక్కడుంటుందో ఆలోచించండి. సి-295 ఇంజిన్ పీడబ్ల్యూ127జి. ఏటీఆర్-72 ప్రయాణికుల విమానాలు నడిచే కుటుంబం అదే. ఆ ఇంజిన్ ఎరిగిన మెకానిక్కులు, ఓవర్‌హాల్ షాపులు ప్రతి ఖండంలోనూ దొరుకుతారు. పైగా భారత్ 2021లో 56 విమానాలకు 21,935 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. వాటిలో 40 వడోదరలో తయారవుతాయి, విడిభాగాల పని హైదరాబాద్‌లోనూ జరుగుతుంది. అంటే ఈ మోడల్‌కు పార్టులు చేసే చోట్లు ఇంకా పెరుగుతున్నాయి. అలాగని సి-295కు మచ్చ లేదనుకోవద్దు. చెక్ వైమానిక దళం నాలుగు కొన్న తొలి ఏళ్లలో ఏవియానిక్స్ (విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాల) లోపాలతో వాటిని పలుమార్లు నేలమీదే నిలిపేసింది. అయినా తర్వాత మరో రెండు కొంది. స్పార్టన్ ఎవరికి మేలంటే, హోల్డ్ ఎత్తు తప్పనిసరి అయినవాళ్లకు, లేదా పక్క దేశం కూడా అదే నడుపుతుంటే దానితో కలిసి పార్టుల గిడ్డంగి పెట్టుకోగలిగినవాళ్లకు.

ఎస్టోనియా స్కైట్రక్ దారి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మోసేది 2.3 టన్నులు, క్యాబిన్‌లో ప్రెషరైజేషన్ (ఎత్తులో లోపలి గాలి పీడనం నిలిపే ఏర్పాటు) లేదు. పారాచూట్ శిక్షణకు, దేశం లోపలి రాకపోకలకు చక్కటి విమానం. విదేశం నుంచి గాయపడినవాళ్లను తెచ్చే పనికి మాత్రం కాదు.

దూరమే సమస్య అయితే లెక్క మారుతుంది. న్యూజిలాండ్ జనాభా 50 లక్షలే, కానీ క్రైస్ట్‌చర్చ్ నుంచి అంటార్కిటికాలోని మెక్‌మర్డో సుమారు 3,800 కిలోమీటర్లు. వాతావరణం బాగాలేకపోతే సగం దారి దాటాక కూడా వెనక్కి తిరిగి రాగల ఇంధనం ఉండాలి. అందుకే 1965 నుంచి నడిపిన పాత హెర్క్యులిస్‌ల స్థానంలో ఐదు సి-130జె-30లు తెచ్చుకుంది. సిమ్యులేటర్, మౌలిక వసతులతో కలిపి ఆ ఖర్చు సుమారు 150 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు. ఈ విమానం హోల్డ్ దాదాపు 17 మీటర్లు, ఎనిమిది ప్యాలెట్లు (సరుకు పేర్చే పలకలు) పడతాయి. పాత మోడల్‌కు ఐదుగురు సిబ్బంది కావాలి, దీనికి ఇద్దరు పైలట్లు, ఒక లోడ్‌మాస్టర్ (సరుకు ఎక్కింపు చూసే సిబ్బంది) చాలు. మనుషుల కొరత ఉన్న చిన్న దళానికి ఇది పెద్ద ఊరట. (దీని తోక భాగాలు తయారయ్యేది హైదరాబాద్ శివారు ఆదిభట్లలో.) పోటీదారు బ్రెజిల్ సి-390. ఇది జెట్, 26 టన్నులు మోస్తుంది, ఏ320 విమానాల్లో వాడిన వి2500 ఇంజిన్ల రకమే దీనికీ. పోర్చుగల్, హంగేరీ ఇప్పటికే నడుపుతున్నాయి. నెదర్లాండ్స్ ఐదు, ఆస్ట్రియా నాలుగు కలిపి 2024లో ఒకే ఒప్పందంగా కొన్నాయి. నాలుగే కావాలనుకునే దేశానికి ఇలా పెద్ద కొనుగోలుదారు భుజం మీద చెయ్యి వేసి కొనడం తెలివైన పని. రాళ్లు, దుమ్ము ఉన్న మట్టి రన్‌వేలే మీ రోజువారీ పని అయితే ప్రొపెల్లర్‌తోనే ఉండండి. కాంక్రీటు నుంచి కాంక్రీటుకు దూర ప్రయాణాలే ఎక్కువైతే సి-390 మేలు.

పాత విమానం చౌక అనే మాట సగమే నిజం. బంగ్లాదేశ్ బ్రిటన్ వదిలేసిన సి-130జెలను ఐదు తీసుకుంది, పాత విమానాల బేరాల్లో అది మంచి రకం. మోడల్ కొత్తది, ఒకే యజమాని దగ్గర పెరిగినవి. ఇలాంటి బేరంలో ముందు అడగాల్సింది రెక్కల మధ్య పెట్టె, అంటే సెంటర్ వింగ్ బాక్స్ కాగితాలు. దాని ఆయుష్షును ఎగిరిన గంటలతో కాక, ఎంత కఠినంగా ఎగిరిందో లెక్కగట్టిన సమాన గంటలతో కొలుస్తారు. తక్కువ ఎత్తులో, గతుకుల రన్‌వేలపై వాడిన విమానం మీటరు చూపినదానికంటే ఎంతో ముసలిదై ఉంటుంది. 2019లో ఆ భాగం కింది అతుకుల్లో పగుళ్లు కనిపించి అమెరికా వైమానిక దళం 123 హెర్క్యులిస్‌లను ఒక్కసారి ఆపింది. 2022లో పాత హెచ్ మోడళ్లలో వందకు పైగా ప్రొపెల్లర్ లోపంతో ఆగాయి. ఆపై ఏవియానిక్స్ సాఫ్ట్‌వేర్ ఏ బ్లాకుదో (ఏ వెర్షనో), మీరు శిక్షణకు వెళ్లే సిమ్యులేటర్‌తో కలుస్తుందో లేదో చూడాలి. సముద్రం పక్క స్థావరంలో ఉన్నదైతే నేల పలకలు ఎత్తించి తుప్పు చూడాలి. అమెరికా తయారీ అయితే మూడో దేశానికి అమ్మడానికి ఆ ప్రభుత్వం అనుమతి ఉండాలి, అది చేతికి రాకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

చౌకగా దొరికే సోవియట్ కాలపు విమానాలకు దూరంగా ఉండమనే మా సలహా. భారత్ 2009లో తన దగ్గరున్న వందకు పైగా సోవియట్ కాలపు ఏఎన్-32 రవాణా విమానాలను ఆధునికీకరించడానికి ఉక్రెయిన్‌తో ఒప్పందం చేసుకుంది. నలభై అక్కడ, మిగతావి కాన్పూర్‌లో చేయాలన్నది ఏర్పాటు. 2014 తర్వాత పార్టులు రాక కాన్పూర్ పని చిక్కుల్లో పడింది. ఏనుగును కొని అంకుశం దొరకనట్టయింది.

ఇక వాటా దారి. హంగేరీలోని పాపా స్థావరంలో మూడు సి-17 భారీ రవాణా విమానాలను 12 దేశాలు కలిసి నడుపుతున్నాయి. ఒప్పందం 2008లో కుదిరింది, విమానాల మీద హంగేరీ గుర్తులుంటాయి. ఏడాదికి ఎన్ని గంటలు కావాలో అన్నే కొనాలి: ఎస్టోనియా, లిథువేనియా చెరో 45, స్లోవేనియా 60, స్వీడన్ 550. ఒక్కో విమానం 77 టన్నులు మోస్తుంది. 45 గంటలంటే చాలా అనిపిస్తుంది కానీ పాపా నుంచి ఆఫ్ఘనిస్తాన్ దాకా రానూపోనూ పది పన్నెండు గంటలు, అంటే ఏడాదికి దాదాపు నాలుగు ట్రిప్పులే. ఇందులో రెండు బలహీనతలు. సి-17 తయారీ 2015లో ఆగిపోయింది కాబట్టి నాలుగోది కొత్తగా కొనలేరు. రెండోది, 2021 ఆగస్టులో కాబూల్ నుంచి జనాన్ని తరలించాల్సి వచ్చినట్టి సందర్భం వస్తే అందరికీ అదే వారం విమానం కావాలి.

అందుకే లిథువేనియా పద్ధతే మాకు నచ్చుతుంది: బరువైన పనికి పాపాలో కాసిని గంటలు, తక్షణ పనికి సొంతంగా మూడు. ఆ మూడు ఈరోజు కొనేవాళ్లయితే స్పార్టన్ బదులు సి-295 తీసుకోవచ్చు. ఏది తీసుకున్నా ఒప్పందంలో రెండు విషయాలు రాయించుకోండి. మొదటి ఐదేళ్లకు స్పేర్ ఇంజిన్ ఒకటి, ప్రొపెల్లర్ ఒకటి మీ హ్యాంగర్‌లోనే ఉండాలి. చెల్లింపు సరఫరా చేసిన పార్టుల లెక్కన కాక, నెలలో విమానం ఎగరడానికి సిద్ధంగా ఉన్న రోజుల లెక్కన జరగాలి. పైలట్లకంటే ముందు లోడ్‌మాస్టర్లను, మెకానిక్కులను శిక్షణకు పంపండి. వాళ్లు తయారవడానికీ చాలా కాలం పడుతుంది, విమానం వచ్చిన రోజు వాళ్లు లేకపోతే అది హ్యాంగర్‌లోనే నిలబడుతుంది.