గిండీ పాముల పార్కు, 1,200 పెట్టి అద్దెకి తెచ్చిన లెన్సూ ఫిల్టరూ, ఊరికే దొరికిన నల్ల చున్నీ

పాములు బాగున్నాయి, ఫోటోలూ వచ్చాయి. ఇది రాస్తున్నది మాత్రం లెన్సు అద్దెకిచ్చినవాడి మీద మంటతో.

విజయవాడ నుంచి పినాకినిలో నేనూ మా బావమరిదీ మా అమ్మాయీ చెన్నై దిగాం, రైల్లో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. సెంట్రల్ బయట ఆటో ఎక్కి గిండీ పాముల పార్కు అన్నాం, 350 అన్నాడు, 280కి తెగింది. తీరా దిగితే గేటుకి తాళం. మంగళవారం సెలవంట! బోర్డు చూసి వెనక్కి తిరిగేసరికి ఆటో లేదు. వాడికి తెలుసు, నూటికి నూరు పాళ్ళు తెలుసు. కాబట్టి మంగళవారం వెళ్ళకండి, ఆటో కూడా ఎక్కకండి, సెంట్రల్ నుంచి మెట్రో బ్లూ లైన్‌లో లిటిల్ మౌంట్‌లోనో గిండీలోనో దిగితే అక్కడ్నుంచి దగ్గరే.

ఇక రాత్రికి దొరికిన లాడ్జి. రూము 1,800, ఎక్స్‌ట్రా బెడ్ 400 అని తీసుకుని ఇచ్చింది ఒక బొంత. బాత్రూంలో బకెట్ ఉంది, మగ్గు లేదు. మగ్గు అడిగితే ఆ కుర్రాడు పక్క రూము తలుపు కొట్టి వాళ్ళది ఇప్పించాడు. మా బావమరిది రాత్రంతా "బావా, పాముల కోసం ఇంత దూరమా, మా చేలో బోలెడు కనిపిస్తాయి కదా" అని సణుగుడే.

పొద్దున్నే అద్దె కెమెరా షాపుకెళ్ళా. నాకున్నది కెమెరాతో వచ్చిన మామూలు కిట్ లెన్సు, అందుకని దగ్గర్నుంచి తీసే 100 ఎంఎం మాక్రో లెన్సు రోజుకి 800కి తీసుకున్నా. అద్దం వెనక పాములు అని చెప్పగానే వాడు మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టరు తీసి, ఇది పెడితే అద్దం ఉన్నట్టే తెలీదు సార్ అని ఇంకో 400 కలిపాడు. డిపాజిట్ 3,000. నమ్మాను, నా బుద్ధి తక్కువ.

లోపల మొదటి అద్దం దగ్గరే తెలిసిపోయింది. ఫ్రేములో నాగుపాము, దాని పడగ మీద నా తెల్ల చొక్కా, చొక్కా వెనక ట్యూబులైటు, లైటు పక్కన మా బావమరిది బుర్ర. ఫిల్టరు ఎంత తిప్పినా ఏమీ మారలేదు. అద్దానికి తిన్నగా ఎదురు నుంచి దగ్గర దగ్గర 55 డిగ్రీలు పక్కకి జరిగి, ఏటవాలుగా చూసినప్పుడే పోలరైజర్ మెరుపుని బాగా కోస్తుంది, ఎదురుగా నిలబడితే దానికి పనే లేదు. పోనీ ఏటవాలుగా తీద్దామా అంటే మందం అద్దంలోంచి బొమ్మ సాగి మసకైపోతుంది. పైగా ఆ ఫిల్టరు ఒకటిన్నర స్టాపు, అంటే సగానికి పైగా వెలుగు తినేస్తుంది, ఆ గదుల్లో ఉండేదే గుడ్డి వెలుతురు. పీకి జేబులో పడేశా.

అప్పుడు మా అమ్మాయి తన నల్ల చున్నీ తీసి "నాన్నా, ఇది కప్పుకో" అంది. లెన్సు చుట్టూ చున్నీ, లెన్సు ముందు నా పాత రబ్బరు హుడ్ (ఎప్పుడో 250కి కొన్నది), హుడ్ అంచు అద్దానికి ఆనించి నిటారుగా పెట్టా. ట్యూబులైటూ చొక్కా బావమరిదీ అందరూ మాయం! అద్దానికి ఆనించడమంటే ఆనించడమే, కొట్టడం కాదు, ఆ అదురు పాములకి తెలుస్తుంది. పిల్లలు టకటకా కొడుతుంటే మా అమ్మాయే వాళ్ళని కసిరింది. వేలిముద్రలు తుడవడానికి మెత్తటి గుడ్డ పట్టుకెళ్ళండి, ఫ్లాష్ మాత్రం అస్సలు వద్దు, అద్దంలో తెల్ల గుండు తప్ప ఏమీ పడదు. ఆటోఫోకస్ ఊరికే అద్దం మీద గీతల్ని పట్టుకుంటుంటే మాన్యువల్‌కి మార్చి పాము కంటి మీద ఫోకస్ పెట్టా, ఐఎస్ఓ 3200, షట్టర్ 1/100. అంతకంటే వేగం పెంచితే ట్యూబులైటు వల్ల ఫోటోలో అడ్డంగా చారలు పడ్డాయి.

ఒక కొండచిలువ కళ్ళు నీలంగా పాలు పోసినట్టున్నాయి. బావమరిది "పాపం గుడ్డిది బావా" అన్నాడు. గుడ్డిది కాదు, కుబుసం విడిచే ముందు అలా అవుతుంది, పాముకి రెప్పలుండవు కదా, కంటి మీద పారదర్శకమైన పొర ఉంటుంది, కుబుసంతో పాటు అదీ ఊడుతుంది, ఊడే ముందు పాత పొరకీ కొత్త పొరకీ మధ్య ద్రవం చేరి అలా మసకగా కనిపిస్తుంది. అది విన్నాక వాడి సణుగుడు ఆగింది, తనే ముందు నడవడం మొదలెట్టాడు.

పసిరిక పాము దగ్గర మాత్రం ముప్పావు గంట కదల్లేదు. పచ్చటి తాడులా కొమ్మ మీద వేలాడుతోంది, కంటిపాప గుండ్రంగా లేదు, అడ్డంగా పెట్టిన తాళంచెవి కన్నంలా ఉంది. తమిళంలో కన్ కొత్తి పాంబు అంటారు, కళ్ళు పొడిచే పాము అని. దాని కన్నే అంత అందంగా ఉంటే ఇంకొకరి కన్నెందుకు దానికి? నేను ట్రైపాడ్ లేకుండా ఊపిరి బిగబట్టి అరవై తీస్తే నాలుగు పనికొచ్చాయి. మా బావమరిది ఫోన్ని అద్దానికి బల్లిలా అతికించి ఒక్కటి తీశాడు, నా నాలుగూ ఒకెత్తు, అదొక్కటీ ఒకెత్తు. ఫోన్ లెన్సు చిన్నది, అద్దానికి పూర్తిగా అతుక్కుంటుంది, ఇక మెరుపు దూరే సందేది? 800 లెన్సు చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డా.

ఈ పార్కుని 1972లో పెట్టింది పాముల నిపుణుడు రోములస్ విటేకర్. కెమెరాకి టికెట్ వేరేగా ఉంటుంది, కౌంటర్లో ముందే అడగండి.

మర్నాడు మహాబలిపురం రోడ్డు మీద మొసళ్ళ బ్యాంకు, అదీ ఆయన మొదలెట్టిందే, 1976లో. ఆ ఆవరణలోనే ఇరుళ అనే గిరిజన తెగకి చెందిన పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం ఉంది, 1978 నాటిది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషం తీసి విరుగుడు మందు చేసేవాళ్ళకి ఇస్తారు, తర్వాత పాముల్ని మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఇరుళల్లో ఇద్దరికి 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. టైముంటే ఇది వదలొద్దు.

షాపులో లెన్సు తిరిగిచ్చేటప్పుడు అసలు సినిమా. ఫిల్టరు మీద గీత ఉందని డిపాజిట్లో 500 కోశాడు. ఆ ఫిల్టరు పట్టుమని పది నిమిషాలు కూడా లెన్సు మీద లేదు! తీసుకునేటప్పుడు ఫోటో తీసిపెట్టుకోలేదు కాబట్టి నోరు మూసుకుని వచ్చేశా. మీరు మాత్రం వాడి ఎదురుగానే, లెన్సు ముందూ వెనకా ఫోటో తీసుకోండి.

పసిరిక పాము కన్ను ఇప్పుడు మా బావమరిది ఫోన్లో వాల్‌పేపర్. ఆ ఫోన్ మోగితే మా అత్తగారు ముట్టుకోవట్లేదు, "ఒరేయ్, నీ పాము మోగుతోంది" అని కేకేస్తున్నారు.