ప్రయాణాలకు ఏది నయం: ఇంటి హిమో మెషీనా, సీఏపీడీ సంచులా?

అమెరికాలో ఇంట్లోనే డయాలసిస్ చేసుకునే మనవాళ్లు ఊరు కదలాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. హిమో మెషీన్ రక్తాన్ని బయటికి తీసి శుభ్రం చేసి తిరిగి ఎక్కిస్తుంది. సీఏపీడీలో కడుపుకు అమర్చిన గొట్టం ద్వారా సంచిలోని ద్రవం లోపలికి ఎక్కించి, తర్వాత బయటికి దింపేస్తారు.

బరువు: ఇంటి హిమోకు వాడే ఎన్ఎక్స్‌స్టేజ్ సిస్టమ్ వన్ మెషీన్ దాదాపు 34 కిలోలు, కారులో పడుతుంది. సీఏపీడీకి మెషీనే అక్కర్లేదు. ద్రవం సంచుల బరువు మాత్రం రెండింటికీ తప్పదు, ముందే పంపించుకోవాలి.

కరెంటు: మెషీన్‌కు ఉండాల్సిందే. సీఏపీడీకి సంచి పైన తగిలిస్తే చాలు, ద్రవం దానంతటదే దిగుతుంది.

సమయం: మెషీన్‌తో సాధారణంగా వారానికి ఐదారు రోజులు. సంచులు రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి సుమారు అరగంట.

రిస్క్: మెషీన్‌తో అయితే సూదులు, రక్తం; తోడుంటే టెన్షన్ తగ్గుతుంది. సీఏపీడీతో అయితే కడుపులో ఇన్‌ఫెక్షన్. హోటల్ గదైనా సరే ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, మాస్కు పెట్టుకుని, చేతులు బాగా కడుక్కున్నాకే గొట్టం మూత తీయాలి. దయచేసి ఇందులో రాజీ పడకండి.

కరెంటు పోయే పల్లెకు వెళ్లేవాళ్లకు సీఏపీడీయే నయం. పొట్టకు పెద్ద ఆపరేషన్లయి అది కుదరనివాళ్లకు, తోడుతో కారులో తిరిగేవాళ్లకు మెషీన్.